టేపు రెండో కొస

ఇత్తడి కొక్కెం ఉన్న కొస నాది.
అంకెలు కనబడే కొస ఏఈ గారిది.
ఆయన కేకేస్తారు, నేను గోడకి ఆనించి పట్టుకుంటాను,
మళ్లీ పరుగెత్తి వచ్చి పుస్తకంలో ఎక్కిస్తాను.
విజయనగరంలో, కోట దాటాక, ఈ పాత కాలేజీ మేడ
ఇంకెన్నాళ్లుంటుందో తేల్చే పని.
రోజుకి నాలుగు వందల డెబ్బై. టీ మనదే.

గోడ మందం రెండడుగుల ఏడంగుళాలు.
అందులో సున్నమెంత, బెల్లంనీళ్లెంత,
నూరి కలిపిన కరక్కాయెంత,
రాయడానికి గడి లేదు.
చెంప ఆనిస్తే ఏప్రిల్లో కూడా
కుండ అడుగులా చల్లగా ఉంది.
ఎవరూ చూడటం లేదు కదా అని
ఇంకాసేపు ఆనించాను.

కిటికీ గూట్లో మేకుతో గీకిన పేరు:
వి. దాలినాయుడు, ఇంటర్, డెబ్బై మూడు.
దాని కింద అదే చేతిరాత, డెబ్బై నాలుగు.
ఇంకా కింద, కాస్త లోతుగా, డెబ్బై అయిదు.
ఆ తర్వాత లేదు.
పాసయ్యాడో, నెల్లిమర్ల మిల్లులో చేరిపోయాడో.
"కిటికీ ఎత్తు చెప్పవయ్యా!"
చెప్పాను.

రెండో గదిలో చిక్కొచ్చి పడింది.
ఈ మూల నుంచి ఆ మూలకి
ముప్ఫై అయిదడుగుల రెండంగుళాలు.
అటు మూల నుంచి ఇటు మూలకి
ముప్ఫై అయిదడుగుల ఆరు.
"సరిగ్గా పట్టుకున్నావా?"
"పట్టుకున్నాను సార్."
మూడోసారీ అదే నాలుగంగుళాల తేడా.
ఆయన నన్ను చూశారు, నేను మూలని చూశాను.
నేను లెక్కలు నేర్చుకున్న గది ఇది,
ఆయనకి చెప్పలేదు.
మూలమట్టం లేని గదిలో
ఇన్నేళ్లూ మాకు లంబకోణం చెప్పారన్నమాట.

గుమ్మంలో పారమ్మ నవ్వింది.
"అలాగ కొలిస్తే ఎప్పటికి తెవుల్తాది బాబూ?
ఈ గది పద్దెనిమిది ఊడుపులు.
పరీచ్చలప్పుడు ఇరవై రెండు,
సీటీలు సింపీసి పారేస్తారు గదా.
మేడ మీద గదయితే పదకొండే,
కానీ మెట్లున్నాయి, మెట్లు కలపాలి."
చీపురు కొసతో గాలిలో చూపించింది,
ఎక్కడ వంగాలో, ఎక్కడ నడుం ఎత్తాలో.
తర్వాత గొంతు తగ్గించి:
"కూలగొట్టేస్తారేటి?"
ఏఈ గారు ఫోన్లో ఉన్నారు.
నేను తలూపాను,
అవునో కాదో నాకే తెలియనట్టు.
"మరి నా సీపురు ఏ తలుపెనకాల ఎట్టుకోను?"

సాయంత్రం ఆఖరి గడి: స్థితి.
"శిథిలం అని రాసెయ్యి" అన్నారు ఏఈ గారు,
స్కూటర్ మీదే కూర్చుని.
రాశాను. ఒత్తులు సరిగ్గానే పడ్డాయి.
రెండో గది ఎదురుగా, పెన్సిలుతో, చిన్నగా,
పద్దెనిమిది ఊడుపులు అని కూడా రాశాను.
ఆఫీసులో ఎవరో చెరిపేస్తారు.
నేనైతే చెరపలేదు.

"రేపు పాత లైబ్రరీ, నిచ్చెన పట్టుకురా"
అంటూ ఆయన మూడు లాంతర్ల వైపు వెళ్లిపోయారు.
నేను టేపు చుట్టాను.
నా కొసే అన్నిటికన్నా ఆఖర్న లోపలికొచ్చింది,
కొక్కేనికి గోరంత సున్నంతో.