గంజి లాంటిది

కొరుక్కుపేట రైల్వే గేటు పడితే
మా బడిలో హాజరు సగమే.
గేటు లేచాక పరిగెత్తుకొచ్చిన వాళ్ళతో కలిపి
ఇవాళ ఏడుగురు.
తెలుగు మీడియం, తొమ్మిదో తరగతి.
ల్యాబు ఒకప్పుడు ఉండేది,
ఇప్పుడందులో కాళ్ళు విరిగిన బెంచీలు పడుకుంటున్నాయి.
అందుకని సెల్వం టీకొట్టు నుంచి మూడు గాజు గ్లాసులు,
పగిలితే డబ్బులు నావే అన్న ఒప్పందం మీద.

మొదటి గ్లాసులో ఉప్పు వేయబోయాను.
"ఎందుకు టీచర్, బోరు నీళ్ళేగా" అంది పెంచలరాణి.
నిజమే. తేటగా ఉంటాయి మా బోరు నీళ్ళు.
కంటికి ఒక్క ముక్క చెప్పవు,
నాలిక్కి అంతా చెప్పేస్తాయి.
సముద్రం మా ఇళ్ళ కిందికి ఎప్పుడొచ్చిందో
చూసినవాళ్ళు లేరు.

రెండో దానికి గంజి కావాలన్నాను.
యేసుదానం డబ్బా మూత తీశాడు:
రాత్రి వార్చిన గంజి, కాస్త ఉప్పు, ఒక పచ్చిమిరపకాయ.
ఒక్క చెంచా తీసుకుని నీళ్ళలో పలచన చేశాం.
మిగతాది మధ్యాహ్నానికి, వాడికే.

మూడో దానికి వెతుక్కోలేదు.
గుమ్మం దిగితే వానగుంట.

బోర్డు మీద పుస్తకంలో మాటలు రాశాను.
ద్రావణం. కాంజికాభం. అవలంబనం.
ఏడుగురూ నా మొహం చూశారు.
మా వీధిలో ఏ నోట్లోనూ నలగని మాటలు.
కాంజికం అంటే గంజిరా, పులిసిన గంజి.
కాంజికాభం అంటే గంజి లాంటిది, అంతే.
"కంజియా!" అని వీధి భాషలో నవ్వారు,
అంత పెద్ద పేరు చొక్కా విప్పితే
లోపల తమ ఇంటివాడే కనబడ్డట్టు.

ముత్యాలు వాళ్ళ నాన్న గ్యాంగ్‌మన్.
యార్డులో రాత్రిళ్ళు పట్టాలు చూసే టార్చి తెచ్చాడు.
కిటికీలు మూసి,
చిల్లుపెట్టిన అట్టముక్క అడ్డం పెట్టి, వెలిగించాం.

బోరు నీళ్ళలోంచి వెలుగు నడిచిన జాడే లేదు,
అవతల గోడ మీద చుక్కై తేలింది.
అంతగా కరిగిపోయినవాటిని
వెలుగు కూడా పలకరించదు.
గంజినీళ్ళలో మాత్రం
ఒక మసక తెల్లటి దారి లేచింది.
"పట్టా టీచర్, పట్టా!" అని అరిచాడు ముత్యాలు.
పూర్తిగా కరగక, అడుక్కీ దిగక,
విడిగా కంటికి ఆనని రేణువులు
తమ మీద పడ్డ వెలుగుని
తలా కాస్త పక్కకి విసురుతున్నాయి.
వడపోత కాగితం వాటిని ఆపలేదు.
ఇంకెంత సన్నని జల్లెడ కావాలో చెప్పబోయి
ఒక సున్నా ఎక్కువ వేశాను, చెరిపాను.

బురద అప్పటికే దిగడం మొదలైంది.
పెంచలరాణి చూపంతా అక్కడే.
"అవలంబనం అంటే పట్టుకుని ఉండటం కదా టీచర్,
మరి ఇది వదిలేస్తోందే?"
ఇరవై రెండేళ్ళుగా చెబుతున్న పాఠం.
ఆ మాటని ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు.
"కలియబెట్టినంత సేపే పట్టుకుంటుంది" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలిసింది.

అంతలో ఆఫీసు నుంచి కాగితం.
పదిమందికి తక్కువున్న తరగతులను
వచ్చే జూన్ నుంచి తమిళ సెక్షన్‌లో కలపవలెను.
చదివినట్టు సంతకం పెట్టాను.
ఏ రకంగా కలపాలో అందులో లేదు.

సోమవారం తలుపు తీస్తే గుప్పున వాసన.
గంజి పులిసింది.
ఇప్పుడిది అచ్చంగా కాంజికం అని
నాలో నేను నవ్వుకున్నాను.
బల్ల మీద బోరు నీళ్ళు ఒలికిన చోట తెల్లటి ఉప్పుగీత,
గోరుతో గీకితే వచ్చింది.
మూడో గ్లాసులో అడుగున బురద, పైన తేట,
మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు హద్దు.

పెంచలరాణి వచ్చింది.
భుజాన సంచి దించకుండానే
ఆ గ్లాసులో వేలు పెట్టి
గట్టిగా ఒక తిప్పు తిప్పింది.