ఏలిముద్ర మనిషి

కాశీబుగ్గ రేషన్ డిపోలో
మూడోసారి కూడా మిషను ఒప్పుకోలేదు.
రట్టి మోహినమ్మ బొటనవేలు కొంగుకి తుడుచుకుని
మళ్లీ పెట్టింది.
'సరిగ్గా ఆనించమ్మా!'
ఆనించడానికి వేలుంది. వేలి మీద గీతల్లేవు.
ముప్పై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి
సొన తాగి తాగి నున్నబడిపోయింది,
ఏటిలో గులకరాయిలా.

ఆమె వెనకాల నేను.
పద్నాలుగేళ్లు ఓడ ఇంజనుకి నూనె పోసినోణ్ని.
దేశదేశాల చిల్లర డబ్బులు ఖర్చయిపోయి
మాటలు మాత్రం జేబులో మిగిలేయి.

లిస్బన్ రేవులో కాగితం తలకిందులుగా పట్టుకుంటే
గుమస్తా నన్ను 'అనల్ఫబేతు' అన్నాడు.
ఆల్ఫా లేదు, బేటా లేదు.
అ ఆలు రానోడని మనం అనమా, అదే.
ఫిన్లాండు వంటవాడి మాట బారెడుంది:
'లుకుతాయ్‌దొతొన్'.
చదివే పనితనం లేనివాడట,
ఆ చివరి 'తొన్' లోనే ఉందట లేకపోవడం.
రష్యావాడి 'నెగ్రామత్నీ' విని
ఊరు లేనివాడనుకున్నాను చాన్నాళ్లు.
గ్రామం కాదురా, గ్రామత, అంటే చదువు,
అని నవ్వేడు బోసను.

అన్నిట్లోనూ ఒక లేదు.
ముందో వెనకో అతికించిన లేదు.
మన ఆఫీసుల్లో రాసే నిరక్షరాస్యుడూ అంతే.
మావైపు మాటొక్కటే ఉన్నదాన్ని చెబుతాది:
ఏలిముద్ర.
'ఆవిడ ఏలిముద్రే బాబూ' అంటే
అక్షరం లేకపోయినా ఆనవాలుందని.
ఓడ మీద ఈ గొప్ప కూడా పోయేను.

మరి ఈమెనేమనాలి?

'మళ్లీ ప్రయత్నించండి' అంటోంది మిషను లోపలి ఆడగొంతు.
డీలరు కొడుకు ఎవరికో ఫోను కలుపుతున్నాడు.
ఊరికే నిలబడ్డం చాతకాక మోహినమ్మ
పక్క కొట్లో గోనెలోంచి నాలుగు పప్పులు తీసి
వేళ్ల మధ్య దొర్లించింది, చూపు రోడ్డు మీదే ఉంచి.
'ఇది రెండొందల నలబై.
ఇది మూడొందల ఇరవై. ఇదీ అదే.
ఇందల పురుగున్నాది.'
కొట్టువాడు చీల్చి చూసేడు.
ఉంది.

'ఆ దేశాల్ల నన్నేటంతారు బావూ?' అనడిగింది,
నా గొణుగుడు ఎప్పుడు విందో.
ఒక్కొక్కటే చెప్పేను.
లుకుతాయ్‌దొతొన్ దగ్గర
బోసినోటితో పడీపడీ నవ్వింది.
నవ్వి, సంచీ దులుపుకుని అంది:

'ఆ పేరు సెప్తే
బియ్యం ఇస్తాడేటి?'