అడుగు నీళ్ళు

అమావాస్య మర్నాడొకసారి, పున్నమి మర్నాడొకసారి
సైకం నాంచారయ్య సీసాల పెట్టె పట్టుకుని
విజయవాడ బస్టాండులో దిగుతాడు.
బరువుకి జంకడు, గలగలకి జంకుతాడు.
"ఒక్కటి పగిలిందా, మళ్ళీ పక్షం ఆగాలమ్మా.
పోటు మన కోసం రెండోసారి రాదు."

గవర్నరుపేటలో మా ల్యాబు మూడో అంతస్తు.
లిఫ్టు అంటే అతనికి నమ్మకం లేదు.

పదకొండు రేవులు. రేవుకి రెండు సీసాలు.
ఒకదాని మీద 'పై', ఒకదాని మీద 'అడుగు'.
రాత అతని కోడలిది.
అడుగులో గు కొమ్ముని ఆ పిల్ల
ఎప్పుడూ కాస్త ఎక్కువ సాగదీస్తుంది,
పడవ మీంచి వదిలిన తాడులాగా.

కంటికి రెండూ ఒకటే నీళ్ళు.
కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే రెండింట్లోనూ
ఎదుటి చెప్పుల షాపు బోర్డు తిరగబడి కనిపిస్తుంది.
మీటరు ముంచితేనే తెలుస్తుంది.
పై సీసాలో అంకె నడుస్తుంది.
అడుగు సీసాలో పరిగెత్తుతుంది.

సముద్రం కెరటాలేసుకుని దండెత్తి వస్తుందనుకునేదాన్ని,
ఈ ఉద్యోగంలో చేరకముందు.
అలా రాదు.
ఉప్పునీరు బరువు, ఏటినీరు తేలిక.
బరువైనది వంగి, అడుగు పట్టుకుని,
తలుపు కింద సందులోంచి వచ్చినట్టు వస్తుంది.
పైన గేదెలు అదే తీపి నీళ్ళు తాగుతుంటాయి.
చాప కింద నీరు అన్న మాట
ఏటిమొగ దగ్గర పుట్టినవాళ్ళెవరో అని ఉంటారు.
ఇక్కడ ఏరే చాప.

"మా నాన్న బొమ్మిడాయిలు పట్టిన మడుగులో
మొన్న నాకు పండుగప్ప పడింది.
మంచి రేటే వచ్చింది,"
అని నవ్వబోయి ఆగాడు నాంచారయ్య.
"ఏరు తోసినన్నాళ్ళూ అది గుమ్మం అవతలే నిలబడిందమ్మా.
ఇప్పుడు తోసేవాళ్ళేరీ?"

నా ఇల్లు తాడేపల్లిలో. రోజూ బ్యారేజీ మీదుగా స్కూటీ.
ఎడమ చేతి వైపు ఇసుక, క్రికెట్ ఆడే పిల్లలు,
గుంటల్లో మిగిలిన ఆకాశం.
కుడి చేతి వైపు నిండుకుండ, దీపాలు, బోటు షికారు.
మధ్యలో డెబ్బై గేట్లు, మూసిన పళ్ళలాగా.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
నీళ్ళు తాగుతున్నది నేను.

వైశాఖంలో పెట్టెలో ఇరవైమూడో సీసా.
లేబులు లేదు, మ్యాంగో జ్యూస్ సీసా.
"ఇది లిస్టులో లేదే?"
"ఇంటి బోరుదమ్మా. ఊరికే."
మీటరు ముంచాను.
అతను అంకె వైపు చూడలేదు,
కింద రోడ్డు మీద చెరుకురసం బండి వైపు చూస్తున్నాడు.
"చెప్పకులే. కందిపప్పు రెండు గంటలు కుతకుతలాడినా
పలుకు దిగట్లేదు. పాలు పోస్తే టీ విరుగుతోంది.
అంకె మా ఆవిడ ఎప్పుడో చెప్పేసింది."
నేను ఆ అంకెని రిజిస్టరులో ఎక్కించలేదు.
ఎక్కించడానికి గడి లేదు.

పరీక్షలయ్యాక నీళ్ళన్నీ సింకులో పారబోస్తాం.
ఖాళీ సీసాలు కడిగి ఇవ్వడం ఆనవాయితీ.
ఆ రోజు తనే కడుక్కుంటానన్నాడు.
టైటిల్ లేని పనిమనిషిలా మా మంచినీళ్ళ కుళాయి కింద గొంతుక్కూర్చుని
ఒక్కోటీ నింపి మూత బిగించాడు.
పై, అడుగు, పై, అడుగు.
లేబుళ్ళు పీకలేదు.

తర్వాతి పక్షం అతని ఖర్చుల బిల్లు నా టేబుల్ మీదికొచ్చింది.
రానూ పోనూ టికెట్లు, ఆటో యాభై,
ఇంకా ఒక లగేజీ టికెట్టు,
విజయవాడ నుంచి అవనిగడ్డ,
దిగువకి.
వివరం అన్న చోట ఖాళీ వదిలాడు.
చాలాసేపు పెన్ను పట్టుకు కూర్చుని
'కృష్ణ, పదకొండు లీటర్లు' అని రాశాను.
కొట్టేసి, 'నమూనాలు' అని రాసి
సంతకం పెట్టాను.