షేడు తప్పింది

నగరిలో మగ్గాలు మొదలయ్యేలోపే
గంప ఎత్తాల.
ఎత్తంగానే ముందు బయటికొచ్చేది అది:
మెడకాడ బూడిద, వీపున ఇటుకపొడి,
తోకలో ఒకే ఒక్క తెల్ల ఈక,
ఎవురో పెట్టి మర్చిపోయినట్టు.

మా వల్లెమ్మ దానికి పేరు పెట్టలేదు.
పేరు పెడితే కోసుకోలేం, అంటుంది.
పెట్టకపోయినా నాలుగేండ్లుగా కొయ్యలేదు.

నేను నూలుకు రంగేసేవాడ్ని.
ఇరవై ఆరేండ్లుగా పని ఒకటే,
నిన్నటి నీలం మాదిరే
ఈపొద్దు నీలం రావాల.
చెంగల్రాయుడు చిలపను ఎండలోకి పట్టుకుపోతాడు,
ఒక కన్ను మూస్తాడు,
"షేడు తప్పిందే ఏకాంబరం."
అంతే, ఆ వారం కూలిలో ఇన్నూరు తెగుతుంది.
చెంబుడు నీళ్లు ఎక్కువైనా తప్పుతుంది,
ఉప్పు తగ్గినా, మోడం పట్టినా,
మనసు ఇంకో తావున ఉన్నా.

పోయిన ఆడిలో అది పదకొండు పిల్లల్ని లేపింది.
అన్నీ దాని గుడ్లే. పుంజు యాడిదో చెప్పలేం,
గోడ అవతల మూడుండాయి.
పదకొండులో రెండు ఒక రంగువి లేవు.
ఒకటి సంగటి ముద్ద.
ఒకటి పొయ్యిలోంచి దొర్లిన బొగ్గు.
ఒకదానికి వీపు మీద ఉడత గీతలు.
పసుపుగా పుట్టింది ఈకలొచ్చేసరికి తెలుపుకు తిరిగింది,
నల్లగా పుట్టినదానికి మెడ ఎర్రబారింది.
నేనేసిన రంగు
ఉతికేకొద్దీ పోతుంది.
ఇది పెరిగేకొద్దీ వస్తా ఉండాది.

చూరు కింద కూర్చోని చూస్తా ఉంటే
నవ్వొచ్చింది.
ఈ తొట్టిలోంచి వచ్చిన సరుకుకి
చెంగల్రాయుడు ఎంత కోసేవాడో.

గుడ్లూ అంతే.
దీనివి మీగడ కట్టిన టీ,
నల్లదానివి దాదాపు తెలుపు,
చిత్తిర ఎండలకు అన్నీ పాలిపోతాయి.
పరంజ్యోతి టీచరు వారానికి ఆరు తీసుకుంటుంది,
తెల్లదాన్ని మాత్రం వేలితో పక్కకు తోస్తుంది.
"ఇది ఫారందేమో, వల్లెమ్మా?"
వల్లెమ్మ కోడినే ఎత్తుకొచ్చి చూపించింది.
కోడి మొగం చూస్తే గుడ్డు తెలుస్తుందా?
టీచరు నాలుగే తీసుకుంది.

బస్టాండుకాడ ఒకడుండాడు,
ఫారం గుడ్లు డికాషన్లో నానబెట్టి
నాటువని అమ్ముతాడు.
ఆ రాత్రి అన్నం పెడతా వల్లెమ్మ అడిగింది,
"నీకు చాతగాదా ఆ పని?"
నేను తల ఎత్తలా.
చాతనవుతుంది.
అన్నీ ఒకే షేడు వస్తాయి గూడా.

శనివారం కరెంటు లేదు, మగ్గాలు లేవు,
వీధి చెవుడు తీరినట్టుండాది.
అది గంపలో కూర్చోని, లేచి,
నా కండ్ల ముందే పెట్టింది.
తడి ఆరలేదు.
ఊరికే బొటనవేలితో రుద్దితే
రంగు కదిలింది.
వేలు పోయిన దారంతా తెలుపు.

అంటే ఇదీ అద్దకమే.
పెంకు అంతా అయినాక,
బయటికొచ్చే ముందు ఆఖరి ముంపు.
లోపల యాడో, చీకట్లో,
షేడు కార్డు లేకుండా.

నా గోరు మొదట్లో పాత నీలం,
ఏ సబ్బుకీ పోనిది.
దాని పక్కన ఇప్పుడు
రవంత గోధుమ రంగు.
గుడ్డును ఎండలోకి పట్టుకుపోయినా,
ఒక కన్ను మూసినా.

"ఏందది, పగిలిందా?" అంది వల్లెమ్మ.
కరెంటు వచ్చింది, మూడిండ్ల అవతల
మొదటి మగ్గం దగ్గింది.
"లేదులే," అన్నా, "దీన్ని టీచరుకి ఇయ్యొద్దు."