నంబరు లేని తెలుపు

ఫెర్నాండినా రేవులో సాయంత్రం ఆరున్నరకి
పడవ తాడు విప్పింది కెప్టెన్ వర్లీన్.
నవ్వినప్పుడల్లా చేత్తో నోరు కప్పుకుంటుంది.
పైన, ఎడమవైపు, కోరపన్ను పక్కది లేదు.
చూడకూడదనే అనుకున్నాను.
పద్నాలుగేళ్ళుగా కట్టుడు పళ్ళు చేసే దాన్ని,
ఎవరు పలకరించినా నా కళ్ళు ముందు నోట్లోకే పోతాయి.

ఒడ్డు ఇంకా కనిపిస్తూనే ఉంది.
పేపరు మిల్లు పొగ,
రెక్కలారబెట్టుకునే నీటికాకుల్లా రొయ్యల పడవలు.
"ఇంత దగ్గర్లోనా సొరలు?" అన్నాడు మా ఆయన.
"పొద్దున మీరు మోకాటి లోతులో నిలబడ్డారే, అక్కడ కూడా."
ఆయన కాళ్ళు రెండూ పడవలోకి లాక్కున్నాడు,
అవి ముందునుంచీ లోపలే ఉన్నా.

బకెట్లో కవళ్ళలాంటి చేపలు, నెత్తురు, నూనె.
గరిటెతో ఆమె నీళ్ళలోకి వంపుతుంటే
పెళ్ళి పందిట్లో పులుసు వడ్డిస్తున్నట్టుంది,
తొందర లేదు, ఎవరినీ వదలదు.
ఆ తర్వాత కూర్చోవడమే.
పోటు ఆగి పాటు మొదలయ్యే ముందు
నీళ్ళు ఎటు పోవాలో కాసేపు ఆలోచిస్తాయట.
ఆ ఆలోచన తెగాకే వస్తాయట తినడానికి.

సూర్యుడు మిల్లు వెనక్కి దిగాడు.
రీలు కీచుమంది.
కర్ర నా చేతుల్లో విల్లయింది.
లాగాను. లాగింది.
భుజాల్లో ఇన్నాళ్ళూ అద్దెకున్న నొప్పులన్నీ
ఏం గొడవని బయటికొచ్చి చూశాయి.
"పోనీ, పోనీ. అలిసినప్పుడు చుట్టు.
దానికి నీ మీద కోపం లేదు, భయం, అంతే."

పది నిమిషాలకి పైకొచ్చింది.
మూడడుగులు కూడా లేదు.
బూడిదరంగు వీపు మీద తెల్లటి చుక్కలు,
చినుకులు పడి ఆగిన సిమెంటు గచ్చులా.
కెప్టెన్ దాని పేరేదో చెప్పింది.
నా నోటినుంచి మాత్రం "పాల సొర" అని వచ్చింది.

కాకినాడ ఆస్పత్రి గది.
పిల్లాడు పుట్టిన ఆరో రోజు
మా పెద్దత్త మూతపెట్టి తెచ్చిన స్టీలు గిన్నె.
వెల్లుల్లి, పచ్చిమిర్చి, పొడిపొడిగా సొర పిట్టు.
"తిను, పాలు పడతాయి."
పడ్డాయి కూడా.

తడి గుడ్డ మీద పడుకున్న ఈ ప్రాణికి
ఇదంతా ఎలా చెప్పను?
నా కొడుకు తాగిన పాలలో మీ వంశానికి వాటా ఉందని
ఏ భాషలో ఒప్పుకోను?
"ముట్టుకో," అంది వర్లీన్.
తలనుంచి తోకకి నున్నన.
వెనక్కి దువ్వితే గరుకు కాగితం,
రోజూ నేను పళ్ళు అరగదీసే కాగితమే.

గేలం ఊడదీసి వదిలేసింది.
నీళ్ళు మూసుకున్నాయి, కుట్టు కనబడకుండా.

ఆమె చేతితొడుగులో ఒక పన్ను మిగిలింది,
గోరంత కూడా లేదు.
దీపం కింద తిప్పి చూశాను, అలవాటు చావదు కదా.
పదహారు షేడ్ల పట్టీ నాకు కంఠతా వచ్చు.
కాఫీ తాగేవాళ్ళ తెలుపు, చుట్ట కాల్చేవాళ్ళ తెలుపు,
పెళ్ళినాటి ఫోటో తెచ్చి
అచ్చం ఇలాగే కావాలన్న ముసలాయన తెలుపు.
దీనికి నంబరు లేదు.

"దానికేం," అంది వర్లీన్,
"వెనక వరసలో ఇంకోటి తయారుగా ఉంటుంది.
నాది ఊడి ఆరేళ్ళు.
ఇన్సూరెన్సు వాళ్ళ లెక్కలో అది పన్ను కాదట, అలంకారమట."
డెక్కు దీపం ఆర్పి ఇంజను వేసింది.
చీకట్లో నవ్వింది,
చెయ్యి అడ్డం లేని నవ్వు, వింటే తెలిసిపోతుంది.

రేవు దాకా మా ఆయన కాళ్ళు దించలేదు.
నేను మనసులోనే మైనం ముద్ద వేడిచేసి
ఒక చిన్న పన్ను చెక్కుతున్నాను,
కోరపన్నుకి కాస్త దగ్గరగా, కొంచెం వంకరగా,
పక్కవాటితో కలిసిపోయేలా.
షేడు మాత్రం ఇంకా తేల్చలేదు.
అది పగటి వెలుగులో,
ఆమె నోరు తెరిచి నవ్వినప్పుడు చూడాల్సిందే.