మంచు ఆగిన గట్టు

ఏప్రిల్ రెండో వారం, విస్కాన్సిన్‌లో క్రాస్ ప్లెయిన్స్.
దుక్కిలో మళ్ళీ రాళ్ళు మొలిచాయి.

"నిరుడే ఏరారు కదా" అంటాను.
"నిరుడు ఏరినవి నిరుటివి" అంటుంది ఆల్మా హాల్వర్సన్
చేతి తొడుగు పళ్ళతో లాక్కుంటూ.
డెబ్బై మూడేళ్ళ మనిషి.
బియ్యంలో రాళ్ళేరినట్టు
నలభై ఎకరాలు ఏరుతుంది.

నేను జిల్లాలో మట్టి పరీక్షల ఉద్యోగిని.
ఇనుప గొట్టం నేలలోకి దించి
పైకి లాగి, చెక్కమీద పడుకోబెట్టి
రంగులు చదవడం పని.
పైన జానెడు నల్లమట్టి.
దాని కింద గాలి మోసుకొచ్చిన పసుపు ధూళి.
ఆ కింద అంతా కలగాపులగం:
బంకమన్ను, ఇసుక, గులకరాయి,
కెనడా నుంచి కాళ్ళు లేకుండా నడిచొచ్చిన ఎర్ర గ్రానైటు.
ఏ చేటా చెరగని సరుకు.
నీరైతే బరువును బట్టి వరసగా పేర్చి పోయేది.
మంచు అలా కాదు,
ఎత్తుకొచ్చిందంతా ఉన్నచోటే కుమ్మరించి
రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిన
అద్దె బాకీ మనిషిలా పోయింది.
ఆ రాత్రి కొన్ని వేల ఏళ్ళు.

ఈ ఊరిదాకానే వచ్చింది అది.
ఆల్మా కొట్టానికి తూర్పున దాని రాళ్ళు.
పడమట, రోడ్డు దాటితే, ఒక్కటీ లేదు.
ఆ కొండలు ఎన్నడూ ఆ బరువెరగవు.
ఆమె పెనిమిటి ఆర్విడ్‌ది అటుపక్క ఊరు,
బ్లాక్ ఎర్త్. మన మాటలో నల్లరేగడి.
పెళ్ళయిన తొలి వసంతం పొలంలో దిగి
"కట్నంగా ఇన్ని రాళ్ళిస్తారని ఎవరూ చెప్పలేదే" అన్నాడట.
నలభై ఆరు వసంతాలు ఏరాడు.
ఆయన పేర్చిన గోడమీదే కూర్చుని
మేం కాఫీ తాగుతున్నాం.

"మళ్ళీ వస్తుందా?" అంటుంది,
చాన్నాళ్ళుగా ఉత్తరం రాయని చుట్టాన్ని అడిగినట్టు.

చిన్నరాయి ఒకటి బొంగరంలా తిప్పి చూపిస్తాను.
భూమి తూలుతుంది, కాస్త వాలుతుంది,
దాని బాట ఒకప్పుడు గుండ్రం, ఒకప్పుడు కోల.
ఉత్తరాన వేసవి ఎండ పిసరంత తగ్గితే చాలు
నిరుటి మంచు కరక్కుండా మిగులుతుంది.
మిగిలిన దానిమీద మిగిలింది. అంతే, అలా మొదలు.
లక్ష ఏళ్ళ చలికి
పదో పదిహేనో వేల ఏళ్ళ తెరిపి.

మా అమ్మమ్మ పంచాంగంలో
అధికమాసం లాంటిది ఈ తెరిపి.
శుభకార్యాలు పెట్టుకోకూడదన్న ఆ నెలలోనే
మన పెళ్ళిళ్ళన్నీ అయిపోయాయి.
విత్తనం, లిపి, అప్పు, గోడ.
అదనపు నెలనే ఏడాది అనుకున్నాం.

"అంటే, వస్తుందనా?"
లెక్క ప్రకారం రావాలి.
ఆ లెక్క వేసినప్పుడు అందులో మన పొగ లేదు.
ఈ మాట చెప్తూ ఆమె ట్రాక్టరు వైపు చూడలేక
నా కారు వైపు చూస్తాను.

ఆల్మా ఏమీ అనదు.
లోపలికెళ్ళి పాల లెక్కల పుస్తకం తెస్తుంది.
వెనక పేజీల్లో తాత మొదలెట్టిన జాబితా:
గుంటచెరువు గడ్డకట్టిన రోజు, విడిచిన రోజు.
ఆ చెరువూ దానిదే,
మట్టిలో మరిచిపోయిన మంచుగడ్డ
కరిగి వదిలిన గుంత.

నవంబరు ఇరవై ఆరు. డిసెంబరు మూడు.
సిరా మారుతుంది, చేతిరాత మారుతుంది.
డిసెంబరు పంతొమ్మిది. క్రిస్మస్ మర్నాడు. జనవరి తొమ్మిది.
నిరుటి గడిలో పెన్సిలు గీత.

"వారంపాటు పట్టింది. కుక్క నడిచేంత.
రాయాలో వద్దో తెలీలేదు.
ఆర్విడ్ ఉంటే తేల్చేవాడు."

లేచి గడ్డపార అందుకుంటుంది.
గుమ్మడికాయంత రాయి, సగం బయట, సగం లోపల.
ఇద్దరం కలిసి దొర్లిస్తాం.
గుంత అడుగున నీడలో
సూదుల్లా నిలబడ్డ మంచు, తెల్లగా, వేలి గోరంత పొడుగు.
ఆల్మా తొడుగు తీసి అరచెయ్యి ఆనిస్తుంది.
"ఇక్కడ కొంచెం ఉంది."

చెయ్యి చాలాసేపు తియ్యలేదు.
మధ్యాహ్నంలోగా ఇంకా నాలుగు సాళ్ళు ఏరాలి.