వెనక ఏమీ ఉండకూడదు

కవిటి బస్టాండ్ ఎదురుగా నా స్టూడియో షట్టర్
సగమే లేపాను, ఇంకా ఊడవలేదు.
దమయంతి వంగి లోపలికొచ్చింది.
చేతిలో ఫోను, ఫోనులో మూడు నెలల గెడ్డంతో దండాసి.
"ఈ ఫొటో పనికిరాదన్నారు బాబూ.
ఎనకాల తెల్లగుండాలట, సెవులు రెండూ అవుపడాలట.
ఆయనున్న గదిలో తెల్లగోడన్నదే నేదంట."

కువైట్‌లో క్షమాభిక్ష, నెలాఖరు దాకానే.
జరిమానా లేదు, జైలు లేదు.
తిరిగి రావడానికొక కాగితం ఇస్తారు,
ఒక్క ప్రయాణానికే చెల్లుతుంది, సినిమా టికెట్‌లాగ.
పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉందో
కంపెనీయే లేదో దండాసికి తెలీదు.
వీడు మనవాడేనని రుజువు పంపమంది ఎంబసీ.

రేషన్ కార్డు తీసింది.
నాలుగు పేర్లుండేవి, ఇప్పుడు మూడు.
వేలిముద్ర వెయ్యడానికి రాలేదని పోయినేడు తీసేశారు.
"ఏలు కువైట్‌లో ఉంటే ముద్ర ఈడెలగ పడతాది?"
నన్నడిగితే నేనేం చెప్పను.

అప్పుడు గుర్తొచ్చింది పాత హార్డ్‌డిస్కు.
తిత్లీ తుపాను పోయిన వారానికి
నష్టం రాసుకునేవాళ్ల వెంట తోటతోటకీ తిరిగి
ఫొటోకి పది రూపాయల చొప్పున తీసింది నేనే.
రైతు పలక పట్టుకోవాలి, పలక మీద సర్వే నంబరు,
వెనక పడిన చెట్లు కనబడాలి.
లెక్కకి రాని చెట్టు పడనట్టే.

దొరికాడు.
నూటపన్నెండో ఫొటో, సాడి దండాసి.
చెవులు రెండూ ఉన్నాయి.
వెనక ఒకదాని మీదొకటి కొబ్బరిచెట్లు,
వేర్లు ఆకాశంలోకి.
అవి పడకపోయుంటే వెల్డింగు నేర్చేవాడు కాడు,
పలాస ఏజెంటు గుమ్మం తొక్కేవాడు కాడు.

మౌసుతో చెరపడం మొదలెట్టాను.
"ఒక్క సెట్టయినా ఉంచకూడదేటి?
ఎడంపక్కది మా మావ పాతింది."
కూడదమ్మా.
అప్పుడు వెనకేముందో చూపించమన్నారు,
ఇప్పుడు వెనక ఏమీ ఉండకూడదంటున్నారు.
చెట్లన్నీ పోయాయి గానీ
అతని భుజం మీద ఎండ మాత్రం పోలేదు.
నీడ లేని తోటలో పడిన ఎండ అది.
ఉండనిచ్చాను.

సోమవారం శ్రీకాకుళం, అర్జీల హాలు.
ఫారంలో ఒక గడి: ప్రస్తుత స్థితి.
"బాగున్నాడనే రాయమ్మా. పూటకి తింటన్నాడు."
కౌంటర్లో అమ్మాయి పెన్ను కాసేపాగింది.
'వీసా గడువు ముగిసినది' అని గడిలో రాసి,
పక్కన మార్జిన్లో సన్నగా
దమయంతి చెప్పింది కూడా రాసింది.
తెరిచిన క్యారేజీ మళ్లీ మూసి
"తుపాను జాబితా పైనే ఉంటుంది, తహసీల్దారు సంతకంతో.
వెతుకుతాను, కూచోండి" అని మెట్లెక్కింది.

షీటుకి ఎనిమిది ఫొటోలు.
ఎంబసీకి రెండు, ఇక్కడ రెండు, పోలీస్ స్టేషన్‌కొకటి.
తిరుగు బస్సులో నరసన్నపేట దాటాక
మిగిలిన వాటిలోంచి ఒకటి తీసి
కార్డు మీద నాలుగో పేరుండే చోట ఆనించి చూసింది.
గీతల మధ్య పట్టలేదు, మనిషి పెద్దవాడైపోయాడు.
నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు.